గౌరన్న తుంటి

ఆశ్రమంలో భానోజీని వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు దొరికేది కాదు. కోపం లేదు, ఆలస్యం లేదు, ఎవరినీ చెంబెడు నీళ్ళు అడిగింది లేదు. ఏళ్ళు గడిచినా అందరూ "అయ్యగారూ" అంటూ దణ్ణం పెట్టి పక్కకు తప్పుకునేవారు. వంటవాడు గౌరన్న నోరు తెరిస్తే తిట్లే. అయినా అతను పోయిన రోజు ఆశ్రమమంతా గొల్లుమంది.

మర్నాడు గౌరన్న అస్థికలు ఏరడానికి ఆశ్రమ గురువు సూరన్నస్వామి భానోజీని వెంటబెట్టుకుని నాగావళి ఒడ్డుకు వెళ్ళాడు.

"నేను వెళ్ళిపోతాను స్వామీ," అన్నాడు భానోజీ దారిలో. "ఇక్కడ నన్నెవరూ తమలో కలుపుకోలేదు. నా తప్పేమిటో చెప్పండి."

"ముందు పాలు చల్లు," అన్నాడు స్వామి.

పాలు పడగానే బూడిద బుస్సుమంది. పొగ తేలిపోయాక మధ్యలో ఏదో నిలబడి కనిపించింది. గౌరన్నకు తుంటి విరిగినప్పుడు విశాఖలో డాక్టర్లు తొడ ఎముక లోపలికి దించిన లోహపు కాడ అది. మనిషంతా బూడిదయ్యాడు, కాడ మాత్రం అలాగే ఉంది.

"తియ్యి."

భానోజీ లాగాడు. కాడను పట్టుకుని ఎముక ముక్క కూడా లేచొచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఎముక వదిలించు."

కింది సగం మీది ఎముక దానంతటదే జారిపోయింది. పై సగం మీది ఎముకను మెలిపెడితే పైపైన పొడి రాలింది గాని, లోహాన్ని అంటుకున్న పొర కదల్లేదు. లోపల ఎవరో పట్టు బిగించినట్టనిపించింది.

"చచ్చినా వదలడం లేదు స్వామీ," అన్నాడు. అన్నాక, ఆ మాట విని తనకే ఒళ్ళు జలదరించింది.

"మరి కింద ఎందుకు వదిలేసింది? లోహం ఒకటే కదేటి?"

భానోజీ వేలితో తడిమాడు. పైన ఆకురాయిలా గరుకు. కింది సగం చూస్తే అందులో తన మొహం కనిపించింది.

"ఇక్కడ... నున్నగా ఉంది స్వామీ."

గాలికి బూడిద లేచి ఇద్దరి కాళ్ళ మీద పడింది.

"నేనిలా నున్నగా ఉండిపోతుంటే ఇన్నేళ్ళూ చూస్తూ ఊరుకున్నారు!" భానోజీ ఒక్కసారిగా అరిచాడు. "మీరంటే నాకు ఒళ్ళుమంట!"

అరిచి తనే హడలిపోయాడు.

స్వామి చెయ్యి చాచి అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆఁ," అన్నాడు. "ఇప్పుడు చేతికి తగిలావురా."