పెద్ద కెమెరా

ఫొటోలు కొత్తగా వచ్చిన రోజుల్లో, పొరుగు జమీందారు పెద్ద కెమెరా కొన్నాడని తెలిసి వీరభూపతి దొరకు అన్నం సహించలేదు. తన ఫొటోల్లోనేమో ముఖం ఆముదం తాగినట్టుంటుంది!

“రేపటికల్లా అంతకన్నా పెద్దది తేకపోతే నీ కొలువు ఊడినట్టే!” అని తన ఫొటోలు తీసే మస్తాను మీద విరుచుకుపడ్డాడు.

మర్నాడు మస్తాను బీరువా అంత చెక్కపెట్టె తెచ్చి నిలబెట్టాడు.

“దొరా, ఈ సంగతి విని పొరుగు దొరగారు మంచం పట్టారట!”

దొర ముఖం వెలిగిపోయింది. మస్తాను చటుక్కున ఫొటో తీశాడు.

కడిగి తెచ్చిన ఆ ఫొటో చూసి దొర మురిసిపోయాడు. “పెద్ద కెమెరా అంటే ఇదీ!”

మస్తాను పెట్టె తెరిచాడు. లోపల పాత కెమెరానే ఉంది.

దొర ముఖం మాడిపోయింది. “అయితే... వాడు మంచం పట్టలేదా?”

“ఇదిగో దొరా, పాత ఫొటోల్లోని ముఖం మళ్లీ వచ్చేసింది. ఎంత పెద్ద కెమెరా తెచ్చినా పడేది ఇదే.”