తుంగలమడుగులో పచ్చకప్పు వెంచర్

కొండకీ ఏటికీ మధ్య తుంగలమడుగు అని ఒక పల్లపు నేల ఉంది. వానాకాలంలో అక్కడ గేదె పొట్టదాకా నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో నేల నెర్రెలిచ్చి, ఎండు తుంగ తప్ప ఏమీ కనపడదు. దారినపోయేవాళ్లు ఆ ఎండలో చూసి బీడు అంటారు. మడుగువాళ్లకి ఆ మాట వింటే ఒళ్లు మండిపోతుంది.

"బీడట! చుట్టుపక్కల నాలుగు ఊటలకి నీళ్లు పంపేది మన మడుగే. చెప్పు వాళ్లకి!" అనేది గేదె అప్పలనరసమ్మ, ఎవరు వింటున్నా వినకపోయినా.

ఆ ఏడాది ఎండలకి కొండ అంటుకుంది. వాలు మీద బొరియల్లో కాపురాలుంటున్న కుందేళ్లు కట్టుబట్టలతో కిందికి పరుగెత్తుకొచ్చాయి. ముప్ఫై కుటుంబాలు. మడుగు గట్టున ముళ్లకంప కింద తల దాచుకున్నాయి. వాళ్ల పెద్ద ఎర్నమ్మ. మడుగువాళ్లు తాగే నీటి గుంట చూపించారు, మేత చూపించారు. అంతకు మించి ఏం చెయ్యాలో వాళ్లకి తోచలేదు.

తోచినవాడు నక్క గవర్రాజు. ఒకరోజు పొద్దున్నే పది పందికొక్కుల్ని వెంటేసుకుని మడుగు మధ్యకి దిగాడు. వారం తిరక్కుండా అక్కడ ఒక ఇల్లు లేచింది. మట్టి గోడలు, రెల్లు తడికలు, కప్పు మీద మట్టి పరిచి నాటిన పచ్చగడ్డి. ఇటు నుంచి గాలి వస్తే అటు నుంచి పోతుంది. లోపల కూర్చుంటే రోహిణి కార్తె ఎండ కూడా తెలియదు.

"ఇది మచ్చుకి కట్టిన ఇల్లు," అన్నాడు గవర్రాజు, అందర్నీ పిలిచి. "ఇలాంటివి ముప్ఫై కడతాను. పచ్చకప్పు వెంచర్! ఒక్క చెట్టు కొట్టను. ఒక్క రాయి పగలగొట్టను. ప్రకృతిని కాపాడుకుంటూ కుందేలు సోదరులకి గూడు. ఊరికే ఇస్తాను. వాళ్లు చెయ్యాల్సిందల్లా ఒక్కటే, కొండవాలు మీద పాత బొరియల హక్కు వదులుకున్నామని మాటివ్వడం. కాలిపోయిన కొండ, ఎవరికి కావాలి చెప్పండి?"

కుందేలు పిల్లలు ఇంటి చుట్టూ గంతులేశాయి. ఎర్నమ్మ చల్లటి గోడకి చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

అప్పుడే మడుగులో ఏటి వైపు నుంచి తీతువు నూకాలు అరుపు వినిపించింది. పందికొక్కులు వెంచర్‌కి కాలువ తవ్వుకుంటూ వస్తున్నాయి. ఆ కాలువ సరిగ్గా ఆమె గుడ్ల మీదికే వస్తోంది. తీతువు గూడు కట్టదు. నేల మీదే నాలుగు గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. నూకాలు రెండు రెక్కలూ చాచి గుడ్ల మీద నిలబడింది.

"తప్పుకోమ్మా, ఇక్కడేమీ లేదు కదా," అంది ముందున్న పందికొక్కు.

"ఏమీ లేదా? కళ్లు పెట్టి చూడు! నాలుగు గుడ్లు. మా అమ్మ ఇక్కడే పెట్టింది, మా అమ్మమ్మ ఇక్కడే పెట్టింది. నన్ను తవ్వి అవతలికి పారేసి నీ కాలువ తీసుకెళ్లు."

పందికొక్కు ఆమె కళ్లలోకి చూసింది. కాలువని పక్కకి వంచి తవ్వుకుపోయింది.

నూకాలు ఆ మధ్యాహ్నమే మడుగువాళ్లని కూడగట్టింది. అప్పలనరసమ్మ వచ్చింది, తాబేలు కూర్మినాయుడు వచ్చాడు, పీతలూ కొంగలూ వచ్చాయి. అంతా కలిసి గవర్రాజు దగ్గరికి వెళ్లారు.

"ఇక్కడ ఇళ్లు వద్దు బాబూ," అన్నాడు కూర్మినాయుడు. మడుగులో అందరికంటే పెద్దవాడు. "ఇది నీళ్లు నిలిచే చోటు."

"అందుకే కదా తాతా కాలువ తవ్విస్తున్నది! నీళ్లన్నీ ఏట్లోకి పోతాయి."

"ఏరు పొంగితే మడుగుకన్నా ఎత్తుగా ఉంటుంది. అప్పుడు నీ కాలువలో నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ఆలోచించావా?"

గవర్రాజు తాబేలుకి వీపు చూపించాడు. కుందేళ్ల వైపు తిరిగి గొంతు పెంచాడు. "చూశారా? పచ్చటి ఇళ్లు కడతానంటే కూడా వద్దంటున్నారు. వీళ్ల బాధ నీళ్లూ కాదు, గుడ్లూ కాదు. మీరు ఇక్కడికి రావడం వీళ్లకి ఇష్టం లేదు, అంతే."

ఆ మాట సూటిగా వెళ్లి ఎర్నమ్మకి తగిలింది. ఆమె నూకాలు ముందుకొచ్చి నిలబడింది.

"నీకు నాలుగు గుడ్లు నూకాలూ. నాకు ముళ్లకంప కింద తొమ్మిదిమంది పిల్లలు. నిన్న ఒకడి కంట్లో ముల్లు దిగింది. నీ గుడ్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. నా పిల్లల్ని ఎక్కడ పెట్టమంటావు?"

నూకాలు దగ్గర వద్దని చెప్పడానికి బోలెడు మాటలున్నాయి కానీ, ఎక్కడో చెప్పడానికి ఒక్కటీ లేదు. తల దించుకుని అంది. "వదినా, ఒక్కసారి నాతో రా. చూపిస్తాను. చూశాక నీ ఇష్టం."

మడుగు పక్కన ఒక తుమ్మచెట్టు ఉంది. దాని మొదలు మీద బురద చార ఒకటి ఎండిపోయి ఉంది. ఎర్నమ్మ వెనక కాళ్ల మీద లేచి చెవులు నిక్కించినా ఆ చార అందలేదు.

"ఇది పోయినేడు నీళ్లు నిలిచిన ఎత్తు," అంది నూకాలు.

ఎర్నమ్మ చాలాసేపు ఆ చారనే చూసింది. "నువ్వు చెప్పేది నిజమే అయితే గవర్రాజుకి తెలియదా?"

"తెలియకపోతే తెలివితక్కువవాడు. తెలిసి కట్టాడంటే ఇంకోటి. ఏదో తేల్చుకోవాలంటే ఒక దారుంది. రేపు ఏనుగు పెద్దాయన సభలో నేనేం మాట్లాడినా ఆశ్చర్యపోకు."

మర్నాడు పొద్దున ఏనుగు పెద్దాయన సభ పెట్టాడు. ఆ అడవిలో ఎక్కడ ఏం కట్టాలన్నా ఆయన అందరి మాటా విని చెప్పాల్సిందే. గవర్రాజు లేచి గాలీ వెలుతురూ గురించి, గడ్డి కప్పు చల్లదనం గురించి బాగా మాట్లాడాడు. కొండమీది నెమళ్లు కూడా తలలూపాయి.

"అభ్యంతరాలు?" అన్నాడు పెద్దాయన.

నూకాలు ముందుకు నడిచింది. తీతువు నోట మంచి మాట రాదని అనుకోవడం అందరికీ అలవాటు. గవర్రాజు అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు.

"అయ్యా, ఇల్లు చూశాను. చాలా బాగుంది," అంది నూకాలు.

మడుగువాళ్లు ఉలిక్కిపడ్డారు. అప్పలనరసమ్మ నెమరు వెయ్యడం ఆపేసింది.

"ఇంత మంచి ఇంట్లో మొదట ఉండే గౌరవం కట్టినాయనకే దక్కాలని మా కోరిక. మృగశిర కార్తె ఎల్లుండే వస్తుంది. ఆ రోజు నుంచి గవర్రాజుగారు పది రోజులు ఆ ఇంట్లో ఉండాలి. పదకొండో రోజు ఆయన బాగుందంటే, మిగతా ఇళ్లకి మట్టి నేనే నా ముక్కుతో మోస్తాను. మళ్లీ నోరెత్తను."

గవర్రాజు చెవులు వెనక్కి పోయాయి. "నేనా? నాకెందుకమ్మా, నాకు కొండ మీద రాతిగుహ ఉంది. ఇవి లేనివాళ్లకి కట్టిన ఇళ్లు."

అప్పుడు ఎర్నమ్మ లేచింది. "నీ కొండ నీకుండాలి, మా కొండ మాత్రం మేం వదిలెయ్యాలా గవర్రాజు మామా? కాలిపోయింది, ఎవరికీ పనికిరాదన్నావే. మేం వదిలేస్తే దాన్ని నువ్వేం చేసుకుంటావు?"

గవర్రాజు కళ్లు కొండవాలు వైపు పోయాయి. సభంతా అతనివైపే చూసింది. వానలు పడితే ఆ వాలు మీద లేత గడ్డి మొలుస్తుందని, గడ్డికి నక్కలు ఇష్టంగా వేటాడే కంజుపిట్టలు దిగుతాయని, అదంతా అతని గుహ వాకిట్లోనే అని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"అడిగింది సబబుగానే ఉంది," అన్నాడు పెద్దాయన. "ఉంటావా, వెంచర్ మానుకుంటావా?"

గవర్రాజు ఆకాశం వైపు చూశాడు. పిడికెడు మబ్బు లేదు. పోయిన రెండేళ్లూ మృగశిర వచ్చాక ఇరవై రోజులకి గానీ చినుకు పడలేదని గుర్తుచేసుకున్నాడు. ఛాతీ పొంగించి, "పది రోజులేం ఖర్మ, పదిహేను రోజులుంటాను!" అన్నాడు.

మొదటి మూడు రోజులూ గవర్రాజు హాయిగానే ఉన్నాడు. గుమ్మంలో కాలు మీద కాలేసుకుని, వచ్చేపోయేవాళ్లని పిలిచి మరీ కూర్చోబెట్టాడు. "లోపలికి రండి, గాలి చూడండి!" అనేవాడు. ఆ మూడో రోజే నూకాలు గుడ్లు పగిలాయి. నలుగురు పిల్లలు బయటపడి, ఒళ్లారగానే తల్లి వెంట గట్టు మీదికి నడిచారు.

నాలుగో రోజు పొద్దున వాన మొదలైంది. మడుగు మీద కాదు, ఎగువన కొండల మీద. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంది. గవర్రాజు నవ్వుకున్నాడు. కాసేపటికి ఇంట్లో నేల చెమ్మగిల్లింది. తుంగలమడుగు నిండేది పైనుంచి కాదు, కింద నుంచి. ఆ సంగతి మడుగువాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. పీతలు బారులు తీరి ఇంట్లోకి వచ్చాయి.

"ఎవర్రా మీరు? ఇది నా ఇల్లు!"

"మాకు తెలియదు బాబూ, ఏటా ఈ వేళకి ఈ దారినే పోతాం," అని పెద్ద పీత అతని తోక మీదుగా నడిచిపోయింది.

"కాలువ ఉంది, నీళ్లు పోతాయిలే," అనుకుంటూ గవర్రాజు బయటికొచ్చి చూశాడు. కాలువలో నీళ్లు పోవడం లేదు, వస్తున్నాయి. ఏరు పొంగింది. అతను తవ్వించిన దారిన ఎర్రటి నీళ్లు నురగలు కక్కుకుంటూ నేరుగా గుమ్మంలోకి వస్తున్నాయి. కప్పు మీదికి ఎగబాకాడు. కప్పు మీద మట్టి తడిసి బరువెక్కి ఉంది. అతని బరువు కూడా పడేసరికి గోడలు ఒక పక్కకి ఒరిగాయి.

గట్టు మీద మడుగువాళ్లూ కుందేళ్లూ అంతా నిలబడి ఉన్నారు. ఎర్నమ్మ తన తొమ్మిదిమందినీ దగ్గరికి లాక్కుంది. ఆ కప్పు కింద ఎవరుండేవాళ్లో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరూ నవ్వలేదు.

"కాపాడండి! ఎవరైనా రండి!" అని అరిచాడు గవర్రాజు.

"వస్తున్నా, కదలకుండా ఉండు," అంటూ అప్పలనరసమ్మ నీళ్లలోకి దిగింది. తనకి ఆ నీళ్లు కొత్త కాదు, ఏ అడుగున గుంట ఉందో ఏ అడుగున గట్టి నేల ఉందో తెలుసు. దర్జాగా తల పైకెత్తి నడిచి వెళ్లి, కూలిపోతున్న కప్పు పక్కన ఆగింది. గవర్రాజు ఆమె వీపు మీదికి దూకి కొమ్ములు పట్టుకున్నాడు.

గట్టు చేరాక ఒళ్లు దులుపుకుంటూ, "ఇది అనుకోకుండా వచ్చిన నీరు," అన్నాడు.

"అవును బాబూ," అన్నాడు కూర్మినాయుడు. "ప్రతి ఏడూ అనుకోకుండానే వస్తుంది."

అప్పుడు నవ్వారు అందరూ. ఏనుగు పెద్దాయన కూడా తొండం అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఆయన ఎర్నమ్మ వైపు తిరిగి, "మరి వీళ్ల సంగతేంటి?" అని అడిగాడు.

నవ్వులు ఆగిపోయాయి. మడుగువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మడుగుకి ఉత్తరాన ఒక మెట్ట దిబ్బ ఉంది. ఎంత నీరొచ్చినా మునగదు. వానాకాలమంతా గేదెలు పడుకునేది అక్కడే. ఆ దిబ్బ మాట ఇన్నాళ్లూ ఎవరూ ఎత్తలేదు.

అప్పలనరసమ్మ గొంతు సవరించుకుంది. "దిబ్బలో సగం మీది ఎర్నమ్మా. మేం కాస్త ఇరుక్కుని పడుకుంటాం. ఈ మాట మీరొచ్చిన రోజే అనాల్సింది. మా నేల, మా నీళ్లు అని గొప్పలు పోయాం గానీ, మాకున్న మంచి చోటు చూపించలేదు. తప్పు మాదే."

"మా కొండ పచ్చబడేదాకా చాలు అత్తా," అంది ఎర్నమ్మ.

మర్నాటి నుంచే పని మొదలైంది. గేదెలు మట్టి తొక్కాయి. కొంగలు రెల్లు తెచ్చాయి. నూకాలు అన్న మాట ప్రకారం కాకపోయినా తన ముక్కుతోనే మట్టి మోసింది, నలుగురు పిల్లలూ వెనకే తలో గులకరాయీ పట్టుకొచ్చారు. దిబ్బ మీద ముప్ఫై ఇళ్లు లేచాయి, పచ్చగడ్డి కప్పులతో. ఆ ఏడు మూడుసార్లు మడుగు నిండింది. మూడుసార్లూ కుందేలు పిల్లలు గుమ్మాల్లో కూర్చుని నీళ్లు చూశాయి.

వానలు తగ్గాక గవర్రాజు ఒకసారి ఆ దారిన పోతూ దిబ్బ కింద ఆగాడు. ఇళ్లన్నీ ఎగాదిగా చూశాడు.

"కప్పు నాది, తడికలు నావి, గాలి వచ్చే దారి నాది," అన్నాడు ఉక్రోషంగా. "ఈ పద్ధతంతా నాదే."

"కాదన్నదెవరు?" అంది నూకాలు, తల ఇంత ఎత్తున పెట్టుకుని. "పద్ధతి నీదే. చోటు మాత్రం మేం చెప్పింది."

గవర్రాజు తోక ముడుచుకుని కొండ దారి పట్టాడు. ఆ దారిలో వాలు నిండా లేత గడ్డి, గడ్డి నిండా కుందేళ్లు.

నీతి: ఎంత పచ్చటి ఇల్లు కట్టాలన్నా, ముందు ఆ నేల మీద బతుకుతున్నవాళ్లని అడగాలి.