ఇంకొక్క గడ

అనగా అనగా అని మొదలుపెడితే ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలి. ఊఁ కొట్టండి మరి.

రాజులు ఎక్కువా, ఏర్లు తక్కువా ఉన్న కాలంలో సంపంగేరు అని ఒక ఏరు ఉండేది. ఏటికి ఈ గట్టున ఒక రాజు. ఆ గట్టున ఒక రాజు. నడుమ ఒక పడవ. ఆ పడవ నడిపేవాడు కూర్మన్న.

కూర్మన్నకు పొలం లేదు, పుట్ర లేదు. ఒక పడవ, ఒక గడ, ఒక కొడుకు. గడ అంటే తెలుసుగా, ఏటి అడుగున ఆనించి పడవను తోసే పొడుగాటి వెదురు. కొడుకు పేరు అసిరి. వాడి తల్లి జ్వరంతో పోయాక, పసివాణ్ణి తువ్వాలుతో వీపుకు కట్టుకునే కూర్మన్న గడ వేశాడు. వాడు ఏడిస్తే పడవ ఆపేవాడు కాదు గానీ, ఏటి పాట ఎత్తుకునేవాడు. అలా పెరిగాడు అసిరి.

ఆ పడవలో మూడు కట్టుబాట్లు. చెప్పులు విప్పి ఎక్కాలి. చూపించిన చోట కూర్చోవాలి. సుడి దగ్గరికి రాగానే తల వంచి కదలకుండా ఉండాలి. షావుకారైనా సన్యాసైనా కూర్మన్నకు 'నువ్వే'. మీరు, తమరు అనే మాటలు ఒడ్డునే వదిలేసి వచ్చేవాడు. ఎవరైనా మొహం చిట్లిస్తే, "గట్టు మీద రాజువి నువ్వు. నీల్ల మీద రాజుని నాను" అనేవాడు. జనం నవ్వుకుని కూర్చునేవారు.

ఇలా ఉండగా ఒక వరద తీశాక ఏటి నడుమ ఒక లంక తేలింది. పుచ్చపాదులు తప్ప ఇంకేమీ మొలవని ఇసుక దిబ్బ. ఈ రాజు నాదన్నాడు. ఆ రాజు నాదన్నాడు. చిలికి చిలికి గాలివాన అయింది. మొదటి ఏడు మాటలు పేలాయి. రెండో ఏడు కొంపలు కాలాయి. మూడో ఏడు ఇంటికొక మగవాణ్ణి సైన్యంలోకి లాక్కుపోయారు. అసిరినీ లాక్కుపోయారు. గడ పట్టిన చేతికి బల్లెం ఇచ్చారు. రాజులకేం, రోషపడేది వాళ్ళు, చచ్చేది మనం.

చివరికి ఈ గట్టు రాజుకే విసుగు పుట్టింది. కాలిన ఊళ్ళ పొగ ఆయన మేడ దాకా వచ్చిందో, మనసే మారిందో, సంధికి కబురు పెట్టాడు. పెద్దలు కూర్చుని షరతులు రాశారు. ఈ రాజు ఇద్దరు మనుషులతో ఏరు దాటి రావాలి. ఒంటి మీద ఇనుము ఉండకూడదు. దూరం నుంచి ఎవడూ గురిచూసి బాణం వెయ్యకుండా ముగ్గురూ ఒకేలాంటి తెల్లబట్టలు కట్టాలి. ఒడ్డు చేరేదాకా ఎవరూ ఎవరినీ 'ప్రభూ' అనకూడదు. ఆ గట్టు నుంచి ఒక సాక్షి వచ్చి అదే పడవలో వాళ్ళను తీసుకుపోవాలి. దారిలో వీళ్ళకు హాని జరిగినా, సాక్షికి హాని జరిగినా, ఆ క్షణమే యుద్ధం. రెండు గట్ల మీదా సైన్యాలు నిలబడి చూస్తుంటాయి.

ఆ గట్టున ఒక మంత్రి ఉన్నాడు. యుద్ధం ఆగితే తన మాట వినేవాడుండడని అతని భయం. ఒక హంతకుణ్ణి పిలిచి సాక్షి వేషం వేయించాడు. "రాజు మొహం నీకు తెలీదు, నాకూ తెలీదు. ముగ్గురూ ఒక్కలాగే ఉంటారు. పడవలో ఎవడు చెబితే మిగతావాళ్ళు వింటారో వాడే రాజు. వాణ్ణి పొడువు" అన్నాడు.

చూశారా, ఎంత తెలివో. ఆ మంత్రి పుట్టి బుద్ధెరిగి పడవ ఎక్కినవాడు కాడు.

తెల్లవారింది. కూర్మన్న ఆ గట్టుకు పోయి సాక్షిని ఎక్కించుకున్నాడు. పడవ ఎక్కేవాళ్ళను నడుం పట్టి నిలబెట్టడం అతని అలవాటు. అలా పట్టుకున్నప్పుడు చేతికి గట్టిగా ఒకటి తగిలింది. భయస్తుడు కాబోలు, కత్తి దాచుకున్నాడనుకుని ఊరుకున్నాడు.

ఈ గట్టున తెల్లబట్టల వాళ్ళు ముగ్గురు దిగివచ్చారు. రాజు, రాజు తమ్ముడు, ముసలి పురోహితుడు.

"సెప్పులిప్పు" అన్నాడు కూర్మన్న. ముగ్గురూ విప్పారు.

"అక్కడ కూకో" అన్నాడు. ముగ్గురూ కూర్చున్నారు.

సాక్షి చూస్తున్నాడు.

కూర్మన్న గడ వేశాడు. వెనక్కి తిరిగి ఒకసారి గట్టు చూశాడు. ముందు వరసలో ఎడమ నుంచి మూడోవాడు అసిరి. అంత దూరాన మొహం కనిపించదు. అయినా కాలు ఎడంగా పెట్టి నిలబడే తీరు కన్నతండ్రికి తెలియదా. యుద్ధమంటూ మొదలైతే ముందు పడేది ముందు వరసే.

నడి ఏట్లోకి వచ్చాక సాక్షి చెయ్యి శాలువలోకి పోయింది. అతని కళ్ళు ముగ్గురి మీదా తిరుగుతున్నాయి, సంతలో ఎద్దును ఎంచుకుంటున్నట్టు. అప్పుడు అర్థమైంది కూర్మన్నకు. వీడు వెతుకుతున్నది రాజును.

నోరు విప్పి చెబితే రాజు తమ్ముడు సాక్షిని ఏట్లో తోసేస్తాడు. ఆ గట్టు చూస్తుంది. యుద్ధం. చెప్పకపోతే వీడు రాజును పొడుస్తాడు. ఈ గట్టు చూస్తుంది. యుద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు చూసినా అసిరే కనిపించాడు.

సుడి దగ్గరపడింది.

"తలొంచు" అన్నాడు కూర్మన్న. రాజు వంచాడు. తమ్ముడు వంచాడు. పురోహితుడు వంచాడు.

తల వంచనివాడు సాక్షి ఒక్కడే. అందరూ వింటున్నది పడవవాడి మాట. వాడికేమో తలపాగా లేదు, చొక్కా లేదు, మోకాళ్ళ పైకి గోచీ. ఇలాంటి రాజుంటాడా అని అతనికి అనుమానం వచ్చింది. మారువేషం ఇంకెలా ఉంటుందిలే అని కూడా తోచింది. లేచి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ఈ పడవలో రాజెవరు?"

కూర్మన్న అతని శాలువ వైపు చూశాడు. నీళ్ళ వైపు చూశాడు. గట్టు మీద ఎడమ నుంచి మూడోవాడి వైపు చూశాడు.

"నీల్ల మీద రాజుని నానే" అన్నాడు.

వేలసార్లు నవ్వుతూ అన్న మాట అది. ఈసారి నవ్వలేదు.

కత్తి దిగింది. సాక్షి గట్టిగా పట్టుకునే ఉన్నాడు గనక దూరం నుంచి చూసేవాళ్ళకు పడవవాణ్ణి కావలించుకున్నట్టు కనిపించింది. రాజు తమ్ముడు ఒక్క ఉదుటున లేచాడు.

"కూకో" అన్నాడు కూర్మన్న. "ఈడినొగ్గీ. ఈడు సాచ్చి. పేనాలతో ఒడ్డుకి సేరాల. ఈడికేటయినా అయితే మల్లీ మంటలే."

రాజు తమ్ముడు కూర్చున్నాడు. సాక్షి చేతిలోంచి కత్తి నీళ్ళలో జారిపోయింది. తను పొడిచింది ఎవరినో అప్పుడు తెలిసింది అతనికి.

పడవ పక్కకు తిరిగి సుడి వైపు లాగుతోంది. కూర్మన్న పడవ చెక్కకు జారగిలబడి ముగ్గురినీ చూశాడు. పురోహితుడు ముసలివాడు. తమ్ముడి కళ్ళు సాక్షిని వదలడం లేదు. మూడోవాడికి గడ అందించాడు.

"నువ్వు అట్టుకో."

"నాకు రాదు" అన్నాడు రాజు.

"రాకపోతే నేర్సుకో. సుడి ఆగదు. కాల్లు ఎడం పెట్టు. అడుగు తగిల్దాక దించు. ఇప్పుడు ఒల్లంతా దానిమీద ఒగ్గీ."

రాజు దించాడు. ఒళ్ళంతా ఆనించాడు. పడవ కదిలింది.

"ఇంకొక్క గడ" అన్నాడు కూర్మన్న.

రాజు వేశాడు. అరచేతులు చిట్లాయి. సుడి అంచు దాటింది పడవ.

"ఇంకొక్క గడ."

వేశాడు. ఆ గట్టు మీద మనుషుల మొహాలు కనిపిస్తున్నాయి.

"ఇంకొక్క గడ" అన్నాడు మూడోసారి. ఆ తర్వాత ఏమీ అనలేదు.

పడవ ఇసుకలో కూరుకుంది. అయినా రాజు గడ వేస్తూనే ఉన్నాడు. చాలు అని చెప్పేవాడు లేడు. ఆ గట్టు రాజు మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి వచ్చి, గడ మీద ఉన్న ఆయన చేతులను పట్టుకుని ఆపాడు. మూడేళ్ళ పగ ఉన్న ఇద్దరు రాజులు ఒకరినొకరు తాకడం అదే మొదలు.

సాక్షి ఇసుకలో మోకరిల్లి ఉన్నదంతా చెప్పాడు. "రాజును చంపడానికే వచ్చాను. అందరూ అతని మాటే విన్నారు. రాజెవరంటే నేనే అన్నాడు." మంత్రి పేరూ చెప్పాడు. మంత్రిని ఆ గట్టు నుంచి వెళ్ళగొట్టారు. సాక్షి ఏమయ్యాడో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

డప్పు మోగలేదు. బల్లెం లేవలేదు. లంక ఎవరిదీ కాదని రాసుకున్నారు.

ఆ కత్తి రాజు గుండెలోనే దిగి ఉంటే ఏమయ్యేది? మా తాతలు అదీ చెప్పేవారు. ఈ గట్టు డప్పు మోగేది. ముందు వరస ఏట్లోకి దూకేది. ఎడమ నుంచి మూడోవాడు ఆ సాయంత్రానికి శవమై తేలేవాడు. ఆ గట్టు పిల్లను ఈ గట్టుకు తెచ్చుకునేవాళ్ళుండరు, ఈ గట్టు వాడికి ఆ గట్టున మేనమామ ఉండడు. మీరుండరు, నేనుండను. అలాంటి కథ కూడా ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని చెప్పడానికి మనిషి మిగిలి ఉండడు, అంతే.

తండ్రిని చూడడానికి అసిరి ఏరు ఈదుకుంటూ వచ్చాడు. పడవ కోసం ఆగలేదు. తడిబట్టలతో తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపో కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి, అడిగాడు.

"మా అయ్య ఆఖర్న ఏటన్నాడు?"

రాజు చిట్లిన అరచేతులు చూసుకున్నాడు. "నువ్వు అన్నాడు. ఇంకొక్క గడ అన్నాడు. నన్నింతవరకు ఎవరూ అలా నడపలేదు."

"అందరికీ అదే సెప్పేవోడు బావూ" అన్నాడు అసిరి. "మరి నాకో?"

పురోహితుడు ముందుకు వచ్చాడు. "తల వంచుకునే ఓరకంట చూశాను. నీళ్ళ మీద రాజుని నేనే అనే ముందు నీ గట్టు చూశాడు నాయనా. ఎడమ వైపు చూశాడు. ఏం చూస్తున్నాడో అప్పుడు నాకు తెలియలేదు" అన్నాడు.

అసిరి బల్లెం మళ్ళీ ముట్టలేదు. తండ్రి గడే పట్టాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని లోకమంతా అంటుంది. సంపంగేటి రేవులో మాత్రం ఆ సామెత అంటే పడవ ఎక్కనివ్వరు. అక్కడ దిగబోయే ముందు ఎంతటివాడైనా గడ పట్టుకుని ఒక్క తోపు తోసి దిగాలి. కొత్త పెళ్ళికూతురు పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని తోస్తుంది. చంటిబిడ్డ గుప్పిట తల్లి గడకు ఆనిస్తుంది. కూర్మన్నకు గుడి లేదు, రాయి లేదు. ఆ ఒక్క తోపే ఆయనకు మొక్కు.

కోతల్లో చివరి మడి దగ్గర నడుం పట్టేస్తే పక్కవాళ్ళు "ఇంకొక్క గడ" అంటారు. కొండెక్కలేక కూలబడ్డవాడితో అంటారు. పొద్దు గడవని దుఃఖంలో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని, మరేమీ చెప్పలేక, అదే అంటారు. పురిటి గదిలో మంత్రసానీ అదే అంటుంది. "ఇంకొక్క గడ తల్లీ, ఇంకొక్క గడ" అంటుండగానే బిడ్డ భూమ్మీద పడుతుంది. కూర్మన్న ఆఖరి మాట, ఆ రెండు గట్ల మీదా పుట్టే ప్రతి బిడ్డకూ మొదటి మాట.