ఏదమ్మ వాకిట గంధప్ప కాపలా

బొగ్గుల గుట్ట తగలబడిన ఏడు, కాళ్ళున్న ప్రతి జంతువూ ఊటకోన దారి పట్టింది. ఊటకోనలో నడివేసవిలోనూ నీళ్ళు ఊరతాయి. చెట్టు కింద పండు రాలితే కొట్లాడుకునే అవసరం ఉండదు. అలాంటి చోటికి ఎవరు పడితే వాళ్ళు జొరబడితే కోన కోనగా మిగులుతుందా? అందుకని అక్కడి పెద్దలు ఒక కట్టడి పెట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాడు వాగుకు ఇవతలి ఒడ్డునే ఆగాలి. నివాసానికి అర్జీ పెట్టుకోవాలి. తనకు చూపించిన బొరియలో కాపురం ఉండాలి. ఎలుగు పెద్దయ్య తనకు తోచిన రోజున, చెప్పాపెట్టకుండా వచ్చి, ఆ బొరియలో ముక్కు దూర్చి చూస్తాడు. ఉంటున్నవాడి వాసన మట్టికి పట్టి ఉంటే, వీడు నిలకడ గలవాడేనని వాగు దాటనిస్తాడు. పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చుకోమంటాడు. లేదంటే లేదు. సిఫార్సులూ చుట్టరికాలూ ఆ ముక్కు దగ్గర చెల్లవు.

అర్జీ అంటే అక్కడ కాగితం కాదు. ఒంటి మీది ఆనవాలు ఒకటి తీసి రేవులో కూర్చున్న ఉడుముకు ఇవ్వాలి. రేవులో మూడు బండలున్నాయి. ఉడుము ఆ ఆనవాలును మొదటి బండ మీద పెడతాడు. పని సాగేకొద్దీ నడిమి బండకు, ఆఖరున కడపటి బండకు జరుపుతాడు. ఎవరిది ఎక్కడుందో దారినపోయే చీమకు కూడా కనబడుతుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

గంధప్ప పునుగుపిల్లి. అందరికంటే ముందు వచ్చినవాడు. పెళ్ళాన్నీ పిల్లల్నీ కాలిన గుట్ట మీద ఒక రాతి నెర్రెలో దాచి, "అర్జీ తేలగానే కబురు చేస్తా" అని చెప్పి బయల్దేరాడు. తోక కుచ్చు కొరికి ఉడుముకిచ్చాడు. బొరియ చూపించగానే లోపల నాలుగు పక్కలా ఒళ్ళు రుద్ది బయటికొచ్చాడు.

"ఉడుమన్నా, మా పునుగు సంగతి నీకు తెలీదు. ఒక్కసారి రాస్తే ఏడాది పోదు."

"రాయడం కాదయ్యా, ఉండాలి."

"ఉంటాలే."

ఉండేవాడే, ఏదమ్మ రాకపోతే.

ఏదమ్మ ఏదుపంది. గంధప్ప వచ్చిన కొద్ది రోజులకే, ఒంటి ముళ్ళు సగం కాలిపోయి, దుమ్ములో కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. ఒక ముల్లు పీకి ఉడుముకిచ్చింది. ఆవిడకు రేగుపొద కింద బొరియ చూపించారు. మెత్తటి మట్టి, పొద్దంతా నీడ. గంధప్పదేమో రాతి దిబ్బ మీద. రోజూ చూసే దిబ్బే, ఆ రోజు వాడి కంటికి మరీ బోడిగా కనబడింది.

'నిన్నగాక మొన్న వచ్చినదానికి రేగునీడా? నాకు రాళ్ళా?' అనుకున్నాడు. అనుకుని ఊరుకుంటే పోయేది. చూసొద్దామని వెళ్ళాడు. పొద వెనక కూర్చుని చూశాడు. ఏదమ్మ మట్టి తవ్వుకుంది, దుంప నమిలింది, లోపలికి పోయి గురక పెట్టింది. ఆ గురక విన్నకొద్దీ వాడికి కడుపులో పచ్చిమిరపకాయ నూరినట్టయింది. మర్నాడూ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు.

ఏదమ్మే ఒకనాడు పలకరించింది.

"తమ్ముడూ, ఎండలో అలా కూర్చుంటావేం?"

"గాలి కోసం అక్కా."

"నీ దిబ్బ మీద లేని గాలా? పెద్దయ్య ఏ పూట వస్తాడో ఎవరికి తెలుసు. పోయి నీ బొరియలో పడుకో నాయనా."

గంధప్ప మీసాలు బిగుసుకున్నాయి. 'నన్ను లేపాలని చూస్తోందంటే ఇక్కడేదో మతలబు ఉంది' అనుకున్నాడు. మంచి మాట కూడా కుళ్ళినవాడి చెవిలో పడితే కుళ్ళిపోతుంది. ఆ రోజు నుంచి వాడి తిండీ నిద్రా ఆ పొద వెనకే.

ఒక మాపటివేళ ఎలుగు పెద్దయ్య రానే వచ్చాడు. ఏదమ్మ బొరియలో ముక్కు దూర్చి, గట్టిగా పీల్చి, "ఊఁ" అని వెళ్ళిపోయాడు. గంధప్ప తెల్లారి రేవుకు పరిగెత్తి చూస్తే ముల్లు నడిమి బండ మీద నిగనిగలాడుతోంది. కుచ్చు మొదటి బండ మీదే, దుమ్ము కొట్టుకుని పడి ఉంది.

"ఉడుమన్నా, నా కుచ్చు సంగతేమిటి?"

"పరిశీలనలో ఉంది."

"మరి ఆ ముల్లు?"

"అదీ పరిశీలనలోనే ఉంది."

"అది నడిమి బండ ఎక్కి కూర్చుంది కదయ్యా!"

"పరిశీలన నడిమి బండ దాకా వచ్చింది."

"ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! ఆవిడ నీకేమన్నా చుట్టమా?"

"నాకు ఈ బండ తప్ప చుట్టం లేడు," అన్నాడు ఉడుము, బండను ఇంకాస్త కరుచుకుని. "నీది ఎందుకు కదల్లేదో నన్నడిగితే ఏం లాభం? పోయి నీ బొరియనడుగు."

గంధప్ప చెవులు వినే స్థితిలో లేవు. వాడి చూపంతా ముల్లు మీదే ఉంది.

అదే వేళకు గుట్ట మీది గంధప్ప పెళ్ళాం పంపిన పాలపిట్ట వచ్చి రేవులో వాలింది.

"గంధప్ప బావా, అక్క కబురు పంపింది. గుంటలో నీళ్ళడుగంటాయి. చిన్నోడు బురద నాకుతున్నాడు. ఇంకెన్నాళ్ళని అడగమంది."

"ఏం చెప్పమంటావే! నా తరవాత వచ్చిన ఏదమ్మ ముల్లు నడిమి బండకు పోయింది. ఇదేం న్యాయమో నువ్వే చెప్పు."

"ముల్లు గురించి అక్క అడగలేదు బావా."

"అడగమను! తెలిస్తే దానికీ కడుపు మండుతుంది."

పాలపిట్ట తల అటూ ఇటూ తిప్పి ఎగిరిపోయింది. గంధప్ప మాత్రం అక్కడే నిలబడి ఆలోచించాడు. తన కుచ్చు ఎలా కదులుతుందా అని కాదు, ముల్లు ఎలా వెనక్కి వస్తుందా అని. ఆ ఆలోచన చివర ఎలుగు పెద్దయ్య గుహ ముందు తేలాడు.

"పెద్దయ్యా, మోసం జరుగుతోంది. ఏదమ్మ ఆ బొరియలో ఉండట్లేదు. ఆనవాలుకి నాలుగు ముళ్ళు రాల్చి, కాపురం ఇంకెక్కడో పెట్టింది. మీ ముక్కునే ఏమార్చింది."

తన ముక్కును మాటంటే ఎలుగు పెద్దయ్య ఊరుకునేవాడు కాదు. "పద," అన్నాడు.

రేగుపొద దగ్గర జనం మూగారు. అర్జీలు పెట్టుకుని పనీపాటా లేక ఒడ్డున పడి ఉన్న కుందేళ్ళూ ముంగిసలే ఆ జనమంతా. ఏదమ్మ కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చింది. ఈ అర్జీ పోతే ఆవిడకూ దిక్కు బొగ్గుల గుట్టే.

"ఏదమ్మా, నువ్వు ఇక్కడ ఉండట్లేదని ఇతను చెబుతున్నాడు."

"ఉంటున్నా పెద్దయ్యా. ముక్కు పెట్టి చూసుకోండి."

"ముక్కు పని తరవాత. ముందు చెవుల పని కానీ. గంధప్పా, ఈవిడ ఉండట్లేదని నీకెలా తెలుసు?"

"కళ్ళారా చూశాను."

"ఏదో పూట తిండికి పోయినప్పుడు చూసుంటావు. తిండికి పోవద్దని కట్టడిలో లేదు."

"ఏదో పూటా! ఆవిడ వచ్చిన నాటి నుంచీ ఈ పొద వెనకే ఉన్నాను."

"మధ్యలో ఇంటికి పోయి కునుకు తీసుంటావులే. ఆ సందులో ఆవిడ వచ్చి పడుకుందేమో."

గంధప్పకు రోషం వచ్చింది. తన సాక్ష్యాన్ని నీరుగారుస్తున్నారనుకున్నాడు.

"కునుకా! తిండీ ఇక్కడే, నిద్రా ఇక్కడే. రేవు దాకా పోయి రావడమే తప్ప, నా ఇంటి మొహం చూస్తే ఒట్టు. నా పునుగు మీద ఒట్టు!"

ఒక కుందేలు కిసుక్కుమంది. పక్కనున్న ముంగిస దాని చెవి పట్టి నొక్కింది. గంధప్ప ఇంకా ఛాతీ విరుచుకునే నిలబడ్డాడు.

పెద్దయ్య పొద వెనక వంగి వాసన చూశాడు. "నిజమే. ఇతను అబద్ధమాడట్లేదు. ఈ పొద వెనక నిండు కాపురమే ఉంది." తరవాత బొరియలో ముక్కు దూర్చాడు. "ఇక్కడ ఏదమ్మ కాపురమూ ఉంది. చెమట, నిద్ర, కొరికి పారేసిన దుంప తొక్కు, అన్నీ ఉన్నాయి. ఇక పద గంధప్పా."

"ఎక్కడికి?"

"నీ ఇంటికి."

అప్పటికి గాని వాడి తోక కిందికి వాలలేదు.

దిబ్బ మీద బొరియ నోటికి అడ్డంగా సాలెగూడు అల్లుకుని ఉంది. పెద్దయ్య దాన్ని పక్కకు తీసి తల లోపల పెట్టాడు.

"చూడండి పెద్దయ్యా, నాలుగు గోడలా నా పునుగే!"

"ఇది పూత వాసన. కాపురం వాసన నాకు తెలీదా? ఇక్కడెవరో బల్లి కాపురం ఉంటోంది. అర్జీ ఆ బల్లి పెట్టుకుని ఉంటే ఈ పూటే ఇచ్చేసేవాణ్ణి." జనం ఘొల్లుమన్నారు. పెద్దయ్య నవ్వలేదు. "ఏదమ్మ బొరియకంటే ముందు నీ బొరియకే వచ్చాను గంధప్పా. ముందొచ్చినవాడివి కదా. నువ్వు లేవు. ఇంకోసారి వచ్చాను, అప్పుడూ లేవు. ఆలుబిడ్డలు గలవాడు, ఏదో పని మీద పోయుంటాడు, కుచ్చు కదపకుండా అలాగే ఉంచమని ఉడుముతో చెప్పాను. ఇవాళ నువ్వే పదిమందిలో ఒట్టేసి మరీ చెప్పావు, ఇంటి మొహం చూడలేదని."

"పెద్దయ్యా..." అన్నాడు గంధప్ప. "పిల్లలు బురద నాకుతున్నారు."

"అందుకే తరిమెయ్యట్లేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకో. ఇవాళ్టి నుంచి ఈ బొరియలో ఉండు. కానీ వానలు పడి వాగు పొంగిందంటే, నీరు తీసేదాకా ఎవర్నీ దాటించడం నా వల్ల కాదు."

గంధప్ప తల ఎత్తి అడిగాడు.

"మరి ఏదమ్మది?"

ఎలుగు పెద్దయ్య వాడి మొహంలోకి ఒకసారి చూశాడు. "కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెరచాలని చూస్తే, మేసేదాన్ని ముందుగా పొలం దాటించడమే మేలు. ఆవిడ ఇవాళే వాగు దాటుతుంది," అని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా పాలపిట్ట మళ్ళీ వచ్చింది. గంధప్ప దిబ్బ మీద కూర్చుని ఉన్నాడు, బొరియకు వీపు పెట్టి, రేవుకు మొహం పెట్టి.

"బావా, అక్క జవాబు లేకుండా రావద్దంది. ఏమని చెప్పను?"

కింద ఏదమ్మ వాగులో దిగింది. రాళ్ళ మీద ఆచితూచి అడుగులేస్తూ అవతలి ఒడ్డెక్కి, ఒళ్ళు దులుపుకుంది.

"చూశావా!" అన్నాడు గంధప్ప పళ్ళు కొరుకుతూ. "ఒక్క ముల్లయినా తడవకుండా దాటింది!"

పాలపిట్ట గుట్ట వైపు ఉత్త ముక్కుతోనే ఎగిరిపోయింది.

పొరుగువాడి గుమ్మం కాపలా కాసేవాడికి తన గుమ్మం దక్కదు.