గడపను మింగిన కాళ్లపట్టా

గడపయందు నిలిచి కాచు సిరులతల్లి
పసుపుకుంకుమలకుఁ బరవశించి
దుమ్ము దులుపువారి దోసిళ్ళ నిండుగాఁ
గలిమి నింపుఁగాక కరుణతోడ.

ఇది బెల్లపు వర్తకుడు గవరయ్య శెట్టి కథ. ఆయన వాకిట పరిచిన కాళ్లపట్టా కథ. ఆ పట్టా కింద కనబడకుండా పోయిన గడప కథ. పిల్లలారా, దగ్గరగా వచ్చి కూర్చోండి. వచ్చేముందు కాళ్లు తుడుచుకోండి.

అనగా అనగా అంటూ పెద్దలు మొదలుపెట్టే కాలానికి ఇంకొంచెం అవతల, ఇక్షుపురమనే పట్టణం ఉండేది. ఊరి చుట్టూ చెరకు తోటలు, ఊరి నిండా బెల్లపు వాసన. ఆ ఊళ్లో గవరయ్య శెట్టి బెల్లం దిమ్మెలు అమ్మేవాడు. ఆయనకు ఇల్లే అంగడి, అంగడే ఇల్లు. మాట తీపి, తూకం న్యాయం. ఉన్న లోపమల్లా ఒక్కటే. బుర్రలోకి ఒకసారి వచ్చిన ఆలోచనను ఆయన మళ్లీ బయటికి పోనిచ్చేవాడు కాడు.

ఆయన ఇల్లాలు పేరిందేవమ్మ. ఒక శుక్రవారం ఉదయాన ఆమె కొబ్బరిపీచుతో స్వయంగా అల్లిన కాళ్లపట్టాను గడప ముందు పరిచింది. ఆ పూటే రాజుగారి వంటశాల నుంచి బండ్లు వచ్చి, కొట్టులో ఉన్న బెల్లమంతా కొని పట్టుకుపోయాయి.

శెట్టి ఖాళీ కొట్టును చూశాడు. పట్టాను చూశాడు. ఆయన ఒళ్లు పులకరించింది.

“పేరిందేవీ! సాక్షాత్తు లక్ష్మీదేవి ఈ పట్టా మీద పాదాలు తుడుచుకుని మన ఇంట అడుగుపెట్టింది. ఆ తల్లి పాదధూళి ఇందులో ఉంది. ఇకమీదట దీన్ని దులపరాదు, ఉతకరాదు. దులిపితే మన సిరిని వీధిలో పోసినట్టే!”

“లక్ష్మీదేవి సంగతి నేనెరుగను గానీ, పొద్దున మన గేదె మాత్రం దాని మీదే నిలబడి నెమరు వేసిందండీ,” అంది ఇల్లాలు.

“గేదె కూడా లక్ష్మే!” అన్నాడు శెట్టి.

రోజూ తెల్లవారగానే పట్టాను అరుగు గుంజకు కొట్టి దులపడం, గురువారంనాడు కుంకుడు నురగలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరబెట్టడం పేరిందేవమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. ఆ అలవాటు ఆనాటితో ఆగిపోయింది.

కొన్నాళ్లకు పట్టా నిండింది. తుడుచుకున్న కాలి కంటే తుడుచుకోని కాలే శుభ్రంగా ఉండసాగింది. దాని మీద అడుగు పడితే చాలు, హోమధూమంలా దుమ్ము లేచేది.

ఒకనాడు పొరుగూరి మిఠాయి వర్తకుడు వచ్చి, పెద్ద బేరం కుదుర్చుకుని, సెలవు తీసుకుని గుమ్మం దిగాడు. దుమ్ము లేచింది. “హాచ్!” అని ఒక్క తుమ్ము తుమ్మాడు.

బయలుదేరే వేళ ఒంటి తుమ్ము! అపశకునమని ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ లేచాడు. మళ్లీ దుమ్ము, మళ్లీ ఒంటి తుమ్ము.

“ఇంకొక్కటి తుమ్మండి మహాప్రభో! జంట తుమ్ము శుభం!” అని శెట్టి చేతులు జోడించాడు.

“వస్తే తుమ్మనా? రావడం లేదయ్యా!” అన్నాడాయన ముక్కు పైకెత్తి.

మూడోసారీ అదే తంతు. “శెట్టిగారూ, మీ బెల్లం నన్ను రమ్మంటోంది, మీ గుమ్మం నన్ను పోనివ్వనంటోంది. ఈ బేరం నాకొద్దు,” అని ఆ వర్తకుడు పెరటి దారిన వెళ్లిపోయాడు.

“ఇప్పుడైనా దులపమంటారా?” అంది పేరిందేవమ్మ.

“అపచారం! దాని మీద ఇంకొకటి పరుస్తాను. దుమ్మూ కిందే ఉంటుంది, సిరీ కిందే ఉంటుంది,” అని శెట్టి ఒక గోనెపట్టా తెచ్చి పైన పరిచాడు.

గోనెపట్టా మీద బెల్లపు పాకం ఒలికింది. దానికి మట్టి తోడైంది. చీమలు బారులు తీరాయి. గానుగ వీరన్న బెల్లం కొందామని వచ్చి కాలు మోపాడు. కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. వంగి లాగాడు. కూర్చుని లాగాడు. గుంజకు కాలు తన్నిపెట్టి లాగాడు. చివరికి చెప్పు వార్లు మాత్రం చేతికి వచ్చాయి, వీరన్న వీధిలోకి వెళ్లి వెల్లకిలా పడ్డాడు.

“శెట్టీ! నా చెప్పు!” అని అక్కడి నుంచే అరిచాడు.

“నా ఇంట నిలిచిపోవాలని దానికి రాసిపెట్టి ఉంది వీరన్నా,” అని శెట్టి భక్తిగా కళ్లు మూసుకుని, చెప్పుతో సహా దాన్ని కప్పేస్తూ మరో పట్టా పరిచాడు.

అంతలో వానలు వచ్చాయి. బండివాళ్ల కాళ్ల వెంట వచ్చిన జొన్నగింజలు ఆ మూడో పట్టాలో మొలకెత్తాయి. పొరుగువారి మేక వచ్చి గుమ్మంలో తీరికగా మేయసాగింది.

“చూశావా పేరిందేవీ! ఇప్పటిదాకా ధనలక్ష్మి ఒక్కతే ఉంది. నేడు ధాన్యలక్ష్మి కూడా వెలిసింది!” అన్నాడు శెట్టి. పేరిందేవమ్మ మేకను తోలి, నుదురు కొట్టుకుని లోపలికి పోయింది.

అప్పటి నుంచి ఆయన చేతికి అదుపు లేకుండా పోయింది. మురికి కనబడితే చాలు, తుంగచాప ముక్కో, పాత కంబళో పైన పడేది. ఆ పొరల నడుమ ఒక చుంచెలుక సంసారం పెట్టింది. కొత్త పట్టా పడినప్పుడల్లా అది తన పిల్లలతో, “ఎంత ధర్మాత్ముడర్రా ఈ శెట్టిగారు! అడగకుండానే మనకు మేడ మీద మేడ కట్టిస్తున్నాడు. వెయ్యేళ్లు బతకాలి!” అని దీవించేది.

ఇక్షుపురం మొత్తంలో శెట్టిని దీవించింది అదొక్కటే. బేరగాళ్లు ఆ గుట్ట ఎక్కలేక, తుమ్మలేక, చెప్పులు పోగొట్టుకోలేక వెనకవీధి అంగడికి మళ్లారు. పురోహితుడు చయనులుగారు ఒకనాడు పంచాంగం చెప్పడానికి వచ్చి, పట్టాల మీదికి ఎక్కి, గుమ్మం పైకమ్మికి నుదురు టంగుమని కొట్టుకున్నారు.

“గవరయ్యా! నీ గుమ్మం కుంగిందా, నేను పెరిగానా?”

“మీరే పెరిగారు స్వామీ! అంతా మా ఇంటి నేతి భోజనం మహిమ,” అన్నాడు శెట్టి.

చయనులుగారు బొప్పి తడుముకుంటూ పంచాంగం విప్పారు. నెయ్యి బాగుండేది మరి.

గుట్ట పెరిగి పెరిగి, గడప మీదికి ఒరిగి, లోపలికి పాకింది. తలుపులు మూతపడటం మానేశాయి. ఒక శుక్రవారం పేరిందేవమ్మ పసుపుగిన్నెతో వచ్చి, గుట్ట చుట్టూ వెతికింది.

“ఏమండీ, పసుపు రాద్దామంటే గడప కనబడటం లేదు.”

“ఉన్నచోటే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? పైనున్న పట్టాకే రాయి,” అన్నాడు శెట్టి, లెక్కల దస్త్రాల మధ్య నుంచి తల ఎత్తకుండా.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని పట్టాకే పసుపు రాసింది.

ఇలా ఉండగా శెట్టి కొడుకు నగరేశానికి పెళ్లి కుదిరింది. ఆడపిల్ల తండ్రి పబ్బయ్య, ఏరు దాటితే వచ్చే ఊరి నూలు వర్తకుడు. వారి ఇంటనే పెళ్లి వైభవంగా జరిగింది. వధువు కుసుమాంబను గృహప్రవేశానికి మేళతాళాలతో ఇక్షుపురం తీసుకువచ్చారు. నగరేశానికి ఆ పిల్ల మీద ఎంత మక్కువంటే, దారి పొడవునా బండి కుదిపినప్పుడల్లా బండివాడిని కసిరాడు.

వాకిట పందిరి. గుమ్మానికి మామిడి తోరణం. పట్టాల గుట్ట శిఖరాన, ఒరిగిపోతున్న బియ్యపు సోల.

“అమ్మాయీ, గడప లక్ష్మీస్థానం. తొక్కకుండా, కుడికాలు ముందు పెట్టి, సోలను మెల్లగా తోసి దాటిరా,” అన్నారు చయనులుగారు. “త్వరగా తల్లీ. ఈ గుంజ నీడ అరుగు అంచు తాకితే ముహూర్తం దాటినట్టే. వీరి జాతకాలకు ఈ ఏడాదిలో మరొకటి లేదు.”

కుసుమాంబ కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు అలాగే ఆపింది. గుట్టను ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది. కాలు దించేసింది.

“మామయ్యగారూ, గడప తొక్కవద్దంటున్నారు. గడప ఏది?”

మేళం ఆగిపోయింది.

“ఇక్కడే... ఈ కిందనే ఎక్కడో ఉండాలమ్మా,” అన్నాడు శెట్టి.

పబ్బయ్య ముఖం కందగడ్డ అయింది. “ఎక్కడో ఉండాలా? బావగారూ, గడప లేని ఇంట్లో మా పిల్లను దింపను. బండి తిప్పండర్రా!”

నగరేశం తండ్రి దగ్గరికి పరుగెత్తాడు. “నాన్నా, ఆ పట్టాలు తీయించు!”

“తీస్తే సిరి పోతుందిరా!”

“తీయకపోతే పెళ్లాం పోతుంది నాన్నా!”

గుంజ నీడ మెల్లగా అరుగు వైపు జరుగుతోంది. ఒకవైపు కొడుకు కాపురం, ఇంకొకవైపు ఇన్నేళ్లుగా దాచిన పాదధూళి. శెట్టి కోడలి ముందు చేతులు జోడించి, పట్టా చరిత్ర అంతా, రాజుగారి బండ్ల దగ్గర నుంచి ధాన్యలక్ష్మి దాకా, గడగడా చెప్పేశాడు. గేదె సంగతి మాత్రం చెప్పలేదు. దాన్ని పేరిందేవమ్మ చెప్పింది.

కుసుమాంబ నవ్వలేదు. తలవంచుకునే నెమ్మదిగా అడిగింది.

“మామయ్యగారూ, ఆ తల్లి లోపలికి వస్తూ పాదాలు ఎందుకు తుడుచుకుంది?”

“ఎందుకేమిటమ్మా? దుమ్ము ఇంట్లోకి రాకూడదని.”

“అయితే మీరు దాచింది, ఆవిడ వద్దని వదిలేసిన దుమ్మునా?”

శెట్టి పట్టాలను చూశాడు, కోడలిని చూశాడు. కోడలు ఇంకా మెల్లగా, “మరి ఆవిడ కూర్చునే చోటు ఎక్కడుంది?” అంది.

శెట్టి చూపు పట్టాల గుట్ట మీద నిలిచింది. ఆ కిందెక్కడో గడప ఉంది. వచ్చిన ప్రతివాడూ దాని మీద నుంచే నడిచాడు. బండివాళ్లు నడిచారు, మేక నడిచింది. రోజుకు పదిసార్లు తానూ నడిచాడు. లక్ష్మి కాలి దుమ్మును కాపాడబోయి, లక్ష్మి నెత్తిన కాలు పెట్టాడు!

“అపరాధం తల్లీ!” అని చెంపలు వేసుకున్నాడు. పట్టు ఉత్తరీయం నడుముకు బిగించాడు. పనివాళ్లు ముందుకు రాబోతే, “ఎవ్వరూ ముట్టుకోవద్దు. పరిచింది నేను, తీసేదీ నేనే!” అని పై పట్టాను పట్టి లాగాడు.

దుమ్ము మేఘంలా లేచి పందిరిని కమ్మేసింది. పెళ్లివారంతా తుమ్మడం మొదలుపెట్టారు. పబ్బయ్య తుమ్మాడు, సన్నాయివాడు సన్నాయిలోకే తుమ్మాడు.

“స్వామీ! ఇవి ఒంటివా, జంటవా? శకునం ఏమిటి?” అని పబ్బయ్య కేకవేశాడు.

“ఇన్ని తుమ్ముల్లో... హాచ్... లెక్క విఘ్నేశ్వరుడికే ఎరుక. శాస్త్రం ఇక్కడ మౌనం వహించింది... హాచ్!” అన్నారు చయనులుగారు.

కంబళి వచ్చింది. తుంగచాప వచ్చింది. జొన్నమొక్కల పట్టా వచ్చింది. అందులోంచి చుంచెలుక పిల్లలను వెంటేసుకుని బయటికి ఉరికి, “శెట్టిగారూ! ఇల్లు ఖాళీ చేయమని ఒక మాట ముందుగా చెప్పవద్దూ?” అని నిష్ఠూరమాడి పెరట్లోకి పోయింది. తరవాత గోనెపట్టా వచ్చింది, దానికి అంటుకుని ఒక చెప్పు వచ్చింది.

“నా చెప్పు!” అని గుంపులోంచి వీరన్న గావుకేక పెట్టాడు.

అన్నిటికంటే అడుగున, పేరిందేవమ్మ అల్లిన కొబ్బరిపీచు పట్టా ఉంది. దాన్ని ఎత్తగానే గడప కనబడింది. ఏనాటి పసుపో, మసిబారి, అంచుల్లో మిగిలి ఉంది. పేరిందేవమ్మ పరుగున వచ్చి బిందెడు నీళ్లు పోసి కడిగింది, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది, బియ్యపు సోలను మళ్లీ నింపి గడప మీద ఉంచింది. నీడ అరుగు అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది.

కుసుమాంబ కుడికాలితో సోలను తోసింది. బియ్యం శుభ్రమైన నేల మీద మల్లెపూలలా పరుచుకున్నాయి. గడప తొక్కకుండా లోపలికి వచ్చి, మొదట అత్తగారికి మొక్కింది. నగరేశం అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

“బండి విప్పండర్రా,” అన్నాడు పబ్బయ్య, ముక్కు తుడుచుకుంటూ.

పై పట్టాలన్నీ పెరట్లో గుమ్మడిపాదుకు ఎరువయ్యాయి. అడుగుదాన్ని మాత్రం శెట్టి స్వయంగా బండకు కొట్టి, కుంకుడు నురగలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరబెట్టాడు. అది కొత్తదానిలా మెరిసింది. ఆ రోజు నుంచి తెల్లవారగానే పట్టాను గుంజకు కొట్టి దులపడం ఆయన వంతు అయింది. మిఠాయి వర్తకుడు మళ్లీ వచ్చాడు. బేరం ముగించుకుని, పట్టా మీద నిలబడి, తుమ్ము కోసం కాసేపు ఎదురుచూశాడు. అది రాలేదు. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన వెనుకే పాత బేరగాళ్లందరూ ఒక్కొక్కరుగా తిరిగివచ్చారు.

ఒక ఉదయం శెట్టి పట్టా దులుపుతుంటే, వీధిన పోతున్న చయనులుగారు ఆగారు. “ఏమయ్యా గవరయ్యా, లక్ష్మిని కొడుతున్నావా?”

“లేదు స్వామీ,” అన్నాడు శెట్టి, మరో దెబ్బ వేస్తూ. “ఆవిడ వచ్చే దారి బాగుచేస్తున్నాను. లోపలికి రండి, ఈసారి నుదురు తగలదు.”

ఈ కథ చెప్పినవారి ఇంట, విన్నవారి ఇంట, వింటూ వింటూ నిద్రపోయిన పసివారి ఇంట గడప పసుపుతో పచ్చగా ఉండుగాక, కాళ్లపట్టా శుభ్రంగా ఉండుగాక, సిరులతల్లి చల్లని అడుగు లోపలికే పడుగాక. కప్పిపెట్టిన మురికి ఎన్నటికీ కలిమి కాదనీ, దాన్ని దులిపివేసిన వాకిలికే కలిమి వస్తుందనీ అందరూ ఎరుగుదురుగాక.