గద్దెమీద వ్యాకరణ పాఠం

దొరలు వచ్చిన తరువాత, రైలు రాకముందు, కంబాలపురమని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాని రాజు రుద్రభూపాలుడు. సంస్థానం ఎంత చిన్నదో ఆయన మీసం అంత పెద్దది.

ఆ ఏడు ఆషాఢంలో పట్టిన ముసురు భాద్రపదం వచ్చినా వదల్లేదు. కోట గోడలకు నాచు పట్టింది. పగలే దీపాలు వెలిగించేవారు. కొలువులో ఎవరి మొహానా నవ్వు లేదు. దానికి కారణం ముసురు కాదు, ఇంగ్లీషు వ్యాకరణం.

కలెక్టరు దొరతో ఆయన భాషలోనే మాట్లాడాలని రాజుగారు చెన్నపట్నం నుంచి ఒక పంతులును రప్పించారు. ఆ పంతులు ఆబ్జెక్టు, కాంప్లిమెంటు వరకూ చెప్పి, జ్వరమని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వచ్చినంత విద్యనూ రాజుగారు కొలువుమీద ప్రయోగించారు. రోజూ గద్దె ఎక్కి తామే పాఠం చెప్పేవారు. జరిగిన పని క్రియ. ఎవరిని, దేనిని అని అడిగితే దొరికేది ఆబ్జెక్టు. అప్పటికీ అర్థం కుంటుతూ ఉంటే దాన్ని నిలబెట్టేది కాంప్లిమెంటు. చాపమీద కూర్చుని చెప్పినా పాఠం పాఠమేనని మనవి చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చిక్కు అక్కడే వచ్చింది. రాజు ఫలానాది చేశాడని రాజే గద్దెమీద పలికితే అది ఆజ్ఞ. దాన్ని గుమ్మం దగ్గరున్న పైడయ్య కోటవాకిట డప్పు కొట్టి చాటాలి. ఒకసారి చాటిన మాటను రాజు కూడా తిప్పరాదు. తాతలనాటి పద్ధతి అది.

ఒకనాడు వంటవాడు అప్పలనరసయ్య మజ్జిగ తెచ్చి నిలబడ్డాడు. ఉదాహరణ కోసం వెతుకుతున్న రాజుగారి కన్ను అతనిమీద పడింది.

"రాజు అప్పలనరసయ్యను ఖైదీని చేశాడు. ఎవరిని? అప్పలనరసయ్యను. అది ఆబ్జెక్టు. ఏమి చేశాడు? ఖైదీని. అది కాంప్లిమెంటు."

కాంప్లిమెంటు తేలేసరికి బయట డప్పు మోగుతోంది. భటులు వచ్చి పట్టుకున్నప్పుడు అప్పలనరసయ్య చేతిలో మజ్జిగ గ్లాసు ఇంకా అలాగే ఉంది.

రాజుగారికీ లోపల కలుక్కుమంది. కానీ ఈ మాట వెనక్కి తీసుకుంటే రేపు శిస్తు మాట కూడా తీసుకోమంటారని మీసం దువ్వి ఊరుకున్నారు. ఆనాటి నుంచి ఉదాహరణలు మాత్రం కాకులమీద, కప్పలమీద చెప్పసాగారు.

కోట నేలమాళిగలో ఉన్నది అప్పలనరసయ్య ఒక్కడే. వాన వెలిసిందంటే బండి కట్టి ఖైదీని సముద్రం ఒడ్డున ఉప్పుమళ్లకు పంపుతారు. వెళ్లినవాళ్లు తిరిగి వచ్చింది ఎవరూ ఎరగరు. ఊరంతా వాన ఆగాలని మొక్కుతుంటే అతని భార్య సన్యాసమ్మ ఆగవద్దని మొక్కేది. రోజూ తాటాకు గొడుగు కింద గంజిముంత పట్టుకుని వాకిట నిలబడేది.

కొలువులో కొండుభట్టు అని ఒక కుర్ర విదూషకుడు ఉండేవాడు. అతన్ని చూసి ఆమె ఒకనాడు, "బాబూ, మా ఆయన సేసిన తప్పేటో సెప్పండి. ఏదో ఒకటి సేసుంటే తిట్టుకోడానికైనా వీలుంటాది," అంది.

అందరినీ ఏడిపించే కొండుభట్టు ఆ రాత్రంతా ఆబ్జెక్టు, కాంప్లిమెంటు అని వల్లె వేస్తూ కూర్చున్నాడు.

మర్నాడు వాన సన్నగిల్లింది. వాకిట బండి కడుతున్నారు. లోపల రాజుగారు పాఠం మొదలుపెట్టి, కాకి రొట్టెను ఎత్తుకుపోయిందన్నారు. అందులో ఆబ్జెక్టు ఏదని కొండుభట్టును అడిగారు. కాకి అన్నాడు కొండుభట్టు. రాజుగారు పళ్లు నూరారు. కప్ప ఈగను మింగిందన్నారు. కప్ప అన్నాడు. కాకులూ కప్పలూ తన బుర్రకెక్కడం లేదని, మనుషులమీద తానే ఒక వాక్యం చెబుతానని బతిమాలాడు.

"ఏడువు," అన్నారు రాజుగారు.

"కోటలో ఉన్న ఖైదీని రాజు స్వతంత్రుణ్ణి చేశాడు. ఇందులో ఆబ్జెక్టు కోట, ప్రభూ. కాంప్లిమెంటు రాజు."

కొలువంతా తలలు వంచుకుంది. రాజుగారు తప్పన్నారు. కొండుభట్టు కదల్లేదు. పంతులుగారు వెళ్తూ వెళ్తూ ఈ రహస్యం తనకొక్కడికే చెప్పారని, రాజుగారికి చెప్పే వేళకు జ్వరం తగిలిందని వినయంగా మనవి చేశాడు.

ఇక రాజుగారికి కాకులూ గుర్తులేవు, కప్పలూ గుర్తులేవు. గద్దెమీద నిటారుగా లేచి నిలబడ్డారు.

"నీకు చెప్పాడా? నాకు రాని వ్యాకరణం నీకు చెప్పాడా? చెవులు రిక్కించి విను. కోటలో ఉన్న ఖైదీని రాజు స్వతంత్రుణ్ణి చేశాడు. ఎవరిని? ఖైదీని. అది ఆబ్జెక్టు. ఏమి చేశాడు? స్వతంత్రుణ్ణి. అది..."

బయట డప్పు మోగింది. పైడయ్యకు ఎవరూ ముందుగా చెప్పింది లేదు. వాడికి వ్యాకరణం రాదు, పద్ధతి ఒక్కటే వచ్చు.

రాజుగారు గద్దెమీద మెల్లగా కూర్చుని కొండుభట్టు వైపు తిరిగారు.

"ఎంత పని చేశావురా," అన్నారు.

"నేనేం చేశాను, ప్రభూ? చేసింది రాజు. తమరే సెలవిచ్చారు."

ముందు మీసం కదిలింది. తరువాత పొట్ట కదిలింది. ఆషాఢం తరువాత ఆ కోటలో వినబడిన మొదటి నవ్వు అది. రాజుగారు కంకణం తీసి చూపించి, "రాజు కొండుభట్టుకు కంకణం ఇచ్చాడు. ఆబ్జెక్టు ఏదో చెప్పు," అన్నారు.

"ముందు చేతికి రానివ్వండి, ప్రభూ. చూసి చెబుతాను."

కంకణం వచ్చింది. పాఠాలు ఆ రోజు నుంచి చాపమీదికి మారాయి.

అప్పలనరసయ్య మళ్లీ వంటశాలకు వచ్చాడు. అతని చేతిరుచి పోలేదు. కానీ ఉప్పు సరిపోయిందా అని రాజుగారు అడిగితే తల ఊపేవాడు, అంతే. ఆయన ఎదుట మళ్లీ ఎప్పుడూ నోరు విప్పలేదు. రాజుగారు కూడా కొన్నాళ్లకు అడగడం మానేసి, తలొంచుకుని తినేవారు.