ముక్కు చెప్పిన సాక్ష్యం

పూర్వం కుందవరంలో ఓబులమ్మ అనే రైతు ఉండేది. ఒక ఏడు రాజుగారు ప్రతి చేనికీ ఎరువు వేసి తీరాలని, వేయనివాళ్ళ భూమి లాక్కుంటామని చాటింపు వేయించారు. తనిఖీ అధికారి రంగభూపతి, ఎరువు తన కంటికి కనబడాలని హుకుం జారీ చేశాడు. దాంతో రైతులంతా గొర్రెల పచ్చి ఎరువును చేలమీద పరిచి ఎండకు వదిలేశారు. ఓబులమ్మ మాత్రం ఎరువు చేనికి తోలిన రోజే దున్ని మట్టిలో కలిపేసింది.

మూడో రోజు రంగభూపతి ఉత్తరీయంతో ముక్కు మూసుకుని పల్లకీలో వచ్చాడు. ఓబులమ్మ చేలో ఆయనకు మట్టి తప్ప ఏమీ కనబడలేదు.

"ఎరువేదీ? నీ భూమి పోయినట్టే," అన్నాడు.

ఓబులమ్మ నెమ్మదిగా, "అయ్యా, ముక్కెందుకు మూసుకున్నారు?" అని అడిగింది.

"దారి పొడవునా ఎరువు ఘాటు. భరించలేకపోయాను."

"ఆ ఘాటే ఎరువులో సత్తువండి. పైరుకు అందాల్సింది గాలిలో కలిసి తమరి పల్లకీలోకి వస్తోంది. ఒక్కసారి నా చేలోకి దిగి చూడండి."

రంగభూపతి చేని నడుమకు వెళ్ళి ఉత్తరీయం తీశాడు. ఘాటు లేదు. ఓబులమ్మ పారతో జానెడు లోతు తవ్వింది. అడుగున ఎరువు నల్లగా, తడిగా ఉంది.

రంగభూపతి వెంటనే, పొద్దుగూకేలోగా అందరూ ఎరువును దున్నేయాలని వెంట వచ్చిన భటులతో చెప్పి పంపాడు.

"హుకుం ఎందుకు మార్చావని రాజుగారు అడిగితే ఎవరి పేరు చెప్పను?" అన్నాడు గొంతు తగ్గించి.

"నా పేరెందుకులెండి," అంది ఓబులమ్మ. "కన్ను పొరబడితే ముక్కు సరిదిద్దిందని చెప్పండి. రెండూ తమరివేగా."